జీతం వక్కాకు

పెనుకొండలో చెన్నకేశవులు ఇంట ఉగాది ముందురోజు సాయంత్రం జీతగాళ్ళు పనిముట్లు అప్పజెప్పడం ఆనవాయితీ. ఎద్దుల మనిషి పగ్గాలూ చర్నాకోలా తెచ్చి వసారాలో పెడతాడు. తోట మనిషి పారా కొడవలీ పెడతాడు. అంతటితో వాళ్ళ ఏడాది తీరినట్టు. మర్నాడు పొద్దున యజమాని వాకిట్లో నిలబడి, వరసలో ఉన్నవాళ్ళ చేతిలో రెండు తమలపాకులూ ఒక వక్కా పెట్టి, కొత్త ఏడాది జీతం నలుగురూ వినేటట్టు నోటితో చెప్పాలి. అదే జీతం వక్కాకు. అది చేతిలో పడేదాకా జీతగాళ్ళు ఆ ఇంట గడ్డిపోచ ముట్టరు. ఎద్దు దప్పికతో అరిచినా ఆ పూట నీళ్ళు పెట్టేది యజమానే. వక్కాకు పట్టుకుంటే ఏడాదంతా కట్టుబడినట్టు. పట్టుకోకుండా తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతే ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మారెమ్మకు ఆ వరసతో పని లేదు. ఆమెకు ప్రతి ఉగాదికీ ఒడి నింపుతున్నారు.

మారెమ్మది నంబులపూలకుంట దగ్గర మెట్ట పల్లె. గొర్రెల మీద బతికిన కుటుంబం. కరువు వచ్చిన ఏట మందలో సగం పోయాయి. మిగిలినవాటిని తోలుకుని మొగుడు ఓబన్న మైసూరు సీమ వైపు పోయాడు. పోయినవాడు తిరిగి రాలేదు. చచ్చాడన్న కబురూ రాలేదు కాబట్టి ఆమె బొట్టు తీయలేదు. పిల్లలు లేరు. ఉన్నదల్లా చూపు పోయిన తల్లి ఒక్కతే. కొన్నాళ్ళు గంజి కేంద్రం దగ్గర, కొన్నాళ్ళు రోడ్డు పనిలో గడిపి, ఆఖరికి చింతపండు కూలీల గుంపుతో పెనుకొండ చేరింది. కొండ కింద చెన్నకేశవులుకు చింత తోపు ఉంది. ఏటా కాయ రాల్పించి, గింజ తీయించి, పండును హిందూపురం మండీకి తోలతాడు.

ఆ రోజు తోపులో ఆయన తల్లి గంగులమ్మ కూలీలకు మజ్జిగ పోయిస్తూ, చేతిలో చెంబు జారవిడిచి, నిలుచున్న చోటే ఒరిగిపోయింది. నీళ్ళు నీళ్ళంటూ అందరూ తలా ఒక దిక్కుకు పరుగెత్తుతుంటే, మారెమ్మ ఆమెను ఈనలేక కూలబడ్డ గొర్రెను ఎత్తినట్టు భుజానికెత్తుకుని ఇంటిదాకా మోసుకొచ్చింది. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పోయాయి. మాట ముద్దగా మారింది. హిందూపురం నుంచి వచ్చిన డాక్టరు సూది వేసి, ఈమెకు మందు కన్నా దగ్గర ఒక మనిషి ముఖ్యమని చెప్పి పోయాడు.

ఆ మనిషి మారెమ్మ అయింది. నాలుగు రోజులకే ఉగాది వచ్చింది. చెన్నకేశవులు భార్య రామసుబ్బమ్మ మారెమ్మను పీట మీద కూర్చోబెట్టి, బియ్యం, కొబ్బరి గిన్నె, రవిక గుడ్డ ఒడిలో పోసి, నువ్వు ఇంక ఈ ఇంటి ఆడబిడ్డవి, నన్ను వదినా అను, ఆయప్పను అన్నా అను అని చెప్పింది. పెళ్ళినాడు తప్ప మారెమ్మకు ఎవరూ ఒడి నింపింది లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని కొంగు చాపింది. ఆమె చేసిన తప్పు అదే. ఆడబిడ్డకు పెట్టుపోతలు ఉంటాయి గానీ జీతం ఎక్కడిది?

రెండేళ్ళు అట్లాగే గడిచాయి. తర్వాత ఇంటి పెద్ద, గంగులమ్మ మొగుడు రంగప్ప బండి మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఒకే ఇంట రెండు మంచాలు పడ్డాయి. మగమనిషికి మగమనిషే ఉండాలని తిప్పన్నను పిలిపించారు. తిప్పన్న హిందూపురం మండీలో మూటలు మోసి విసిగినవాడు. ఆ ఉగాదికి వాకిట్లో వరసలో నిలబడ్డాడు. ఏటికి నూటయాభై రూపాయలు, రెండు పూటలా సంగటి, ఒక గొంగడి, చెప్పుల జత అని చెన్నకేశవులు అందరిముందూ చెప్పి వక్కాకు ఇచ్చాడు. లోపల గంగులమ్మకు గంజి తాగిస్తున్న మారెమ్మ కూడా ఆ మాట విన్నది. బాగుందనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

తిప్పన్న చెడ్డవాడు కాదు. రంగప్పకు నీళ్ళు పోసేవాడు, కాళ్ళకు నూనె రాసేవాడు, మండీ కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఎప్పుడైనా ఆయన్ను పక్కకు తిప్పాల్సొస్తే మాత్రం "మారక్కా, ఒక చెయ్యి ఎయ్యి" అని కేకేసేవాడు. తడిసిన గుడ్డల్ని కర్రతో ఎత్తి బావి గట్టున పడేసేవాడు. మగవాడు ఆ గుడ్డలు ఉతకడం ఆ ఇంట ఎవరి ఊహకూ రాలేదు. మారెమ్మ గంగులమ్మ గుడ్డలతో పాటు అవీ ఉతికి, ఒకే తీగ మీద ఆరేసేది. ఆరిన తర్వాత ఏవి ఎవరివో తెలిసేవి కావు.

మారెమ్మ ఇంటికి పోయినప్పుడల్లా రామసుబ్బమ్మ ఆమెకు ఒక సంచి రాగులూ, కట్టి విడిచిన చీరలూ ఇచ్చేది, ఆ ఒకటి రెండు రోజులూ అత్తను తనే చూసుకునేది. మారెమ్మ వాటిని పల్లెలో ముత్యాలమ్మకు ఇచ్చేది. ముత్యాలమ్మ పక్కింటావిడ, వరసకు వదిన. మారెమ్మ తల్లికి చూపుతో పాటు కాళ్ళూ పోయాక, ఆ ముసలిదానికి సంగటి పెట్టేదీ, కడిగేదీ, ఎండ వస్తే నీడకు జరిపేదీ ముత్యాలమ్మే. తల్లిని పెనుకొండకు తెచ్చుకుంటానని మారెమ్మ ఒకసారి అడిగింది. ఉన్న రెండు మంచాలకే సచ్చిపోతాండాం, మూడోది యాడ పెడతావని రామసుబ్బమ్మ ఆ మాట అక్కడే తుంచేసింది.

పెనుకొండ చేరిన అయిదో ఏడు శివరాత్రికి మారెమ్మ పల్లెకు పోయేసరికి ముత్యాలమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. రాగుల సంచి వైపు చూసింది గానీ అందుకోలేదు.

"ఉగాది దాకా చూస్తా వదినా. ఆ పైన నా చేత గాదు. కదిరిలో చెనక్కాయలు ఒలిచేదానికి మనుషులు కావల్లంట. పొద్దుగూకితే కూలి చేతిలో పెడతారంట."

"అమ్మను ఇడిసిపెట్టి పోతావా వదినా?"

"మీ అమ్మను. నాకేమైతాది మీ అమ్మ? వదినా వదినా అని పిలుస్తాండావు సరే. ఆ పిలుపును ఎసట్లో ఏసి వండుకోమంటావా? మీ పెనుకొండామె కట్టి ఇడిసిన చీర నువ్వు తెచ్చిస్తివి, నేను కట్టుకుంటి. నా బిడ్డ దాన్ని చూసి, ఎవరు సచ్చిపోతే ఇచ్చినారమ్మా అనె."

మారెమ్మ రాగుల సంచి అరుగు మీద దించింది. ఆ మాటలు ఎక్కడో విన్నట్టే అనిపించింది. ఎవరూ అనగా వినలేదు. తన నోట్లోనే ఎప్పట్నుంచో ఉండి బయటికి రానివి.

ఎంతిస్తే ఉంటావని ఆమె చివరికి అడిగింది. ఎంతని కాదు, ఏటికి ఇంతని ఒక మాట నలుగురిలో చెప్పి ఇయ్యల్ల, లేకుంటే ఉగాది మర్నాడు నేను కదిరి బస్సెక్కుతానని ముత్యాలమ్మ తేల్చేసింది. పక్క గుడిసెలో మంచం మీద తల్లి, ఎవరొచ్చినారు ముత్తీ అని అడుగుతూనే ఉంది.

పెనుకొండకు తిరిగొచ్చిన మారెమ్మకు దారి ఒక్కటే కనిపించింది. తిప్పన్నకు ఇస్తున్నట్టు తనకూ జీతం ఇస్తే ముత్యాలమ్మకు ఇవ్వగలదు. లేకుంటే తను వెనక్కి పోవాలి. పోతే ఇక్కడ తిండి ఉండదు, అక్కడ తల్లీ తనూ ఇద్దరూ పస్తే. ఉగాది లోపల ఏదో ఒకటి తేలాలి.

రామసుబ్బమ్మ ఒంటరిగా చింతపండు ఉండలు కడుతున్నప్పుడు వెళ్ళి, తల వంచుకుని, జీతమనే మాట నోటికి రాక, ఏటికి ఏమైనా ఇస్తే బాగుంటుందని అడిగింది. రామసుబ్బమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆమె మొహం చిన్నబోయింది. నీకేం తక్కువ చేసినామని అడిగింది. ధర్మవరంలో ఇచ్చిన సొంత ఆడబిడ్డ నీలావతికి ఎట్లా ఒడి పెడుతున్నానో నీకూ అట్లే పెడుతున్నాను కదా అన్నది.

"ఇంటి బిడ్డకు జీతమిచ్చినారంటే ఊరోళ్ళు మా మొగాన ఉమ్మేయరా? అయినా దుడ్లు నీకేటికే మారీ? మొగుడా, పిల్లలా?"

ఆ మాట అన్నాక ఆమెకే ఎట్లాగో అనిపించిందేమో, లేచి వెళ్ళి ఒక మానిక రాగులు ఎక్కువ కొలిచి తెచ్చింది. మారెమ్మ వాటిని పుచ్చుకుంది. పుచ్చుకోకపోతే కోపం అనుకుంటారు. ఆ పైన ఇంకేం అడగాలో ఆమెకు తెలియలేదు.

తిప్పన్నను అడిగింది. అతను రంగప్పకు గడ్డం గీస్తూ, కత్తి ఆపకుండానే చెప్పాడు.

"ఒడిలోనించి జీతం రాలదు మారక్కా. జీతం వాకిట్లో ఇస్తారు. వరసలో నిలబడినోళ్ళకే ఇస్తారు."

"నేను నిలబడితే?"

"నవ్వుతారు. నవ్వినాక ఏమిస్తారో నేనెప్పుడూ చూడలే." రంగప్ప కూడా బోసినోటితో నవ్వాడు. కత్తి తగుల్తాదప్పా కదలొద్దని తిప్పన్న ఆయన్ను గదిమాడు.

మారెమ్మకు నవ్వు రాలేదు. వరసలో నిలబడాలంటే ఆ పొద్దున ఏమీ ముట్టకూడదు. ఎద్దు ఒక పూట దప్పికతో ఉంటుంది. రంగప్పను ఆ ఒక్క పొద్దూ కొడుకే కడుగుతాడు, కన్నతండ్రికి సేవ చేశాడని ఊరు మెచ్చుకుంటుంది కూడా. గంగులమ్మను ఎవరు చూస్తారు? మారెమ్మ ఉంది కదా అని ఆ ప్రశ్న ఏ ఉగాదికీ ఆ ఇంట పుట్టలేదు.

ఉగాది ముందురోజు నీలావతి కొత్త పట్టుచీరతో ధర్మవరం రైలు దిగింది. వంటింట్లో ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నారు. సాయంత్రం పగ్గాలూ పారలూ వసారాకు చేరాయి. తిప్పన్న రంగప్ప తువ్వాలూ నూనె బుడ్డీ తెచ్చి వాటి పక్కన పెట్టాడు. అప్పుడు మారెమ్మ, ఉతికి మడిచిన పాత గుడ్డల దొంతర, దాని మీద గంజి తాగించే ఉగ్గుగిన్నె పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది.

"వదినా, ఇవి అప్పజెప్తాండా."

"ఆ మూలన పెట్టు" అని రామసుబ్బమ్మ తల ఎత్తకుండానే అన్నది.

మారెమ్మ పెట్టింది. గంగులమ్మ దగ్గరికి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. గంగులమ్మకు తెలివి అంతా ఉంది, మాటే లేదు. అయిదేళ్ళలో ఆమె నోట తేటగా వచ్చే మాట ఒకటే, మారీ. రేపు పొద్దున నేను లోపలికి రాను పెద్దమ్మా, వాకిట్లో ఉంటా, వక్కాకు ఇచ్చినాక వస్తా అని మారెమ్మ చెవి దగ్గర చెప్పింది. ఎందుకో చెప్పింది. తల్లి సంగతి చెప్పింది. ముసలావిడ ఎడమ చెయ్యి తడుముకుంటూ వచ్చి మారెమ్మ మణికట్టు పట్టుకుంది. కాసేపు పట్టుకుని విడిచింది. అర్థమై విడిచిందో, కోపమొచ్చి విడిచిందో మారెమ్మకు తెలియలేదు.

తెల్లవారింది. చెన్నకేశవులు పంచె ఎగ్గట్టి ఎద్దులకు నీళ్ళు పెట్టాడు. తండ్రిని కడిగి కొత్త పంచె కట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత ఇత్తడి పళ్ళెంలో వక్కాకులు పెట్టుకుని హుషారుగా వాకిట్లోకి వచ్చాడు. వరసలో ముందు ఎద్దుల దాసప్ప, తర్వాత తోట కుళ్ళాయప్ప, తర్వాత తిప్పన్న. తిప్పన్న పక్కన మూరెడు ఎడంగా మారెమ్మ.

ఆయన ఆమెను చూసి, వంటింట్లోంచి ఏదో కబురు తెచ్చిందనుకున్నాడు. "ఏం మారీ, ఓళిగలు కాలినాయా?"

ఆమె వరసలోంచి కదలలేదు. దాసప్ప వక్కాకు పట్టుకున్నాడు. కుళ్ళాయప్ప ఇంకో పది రూపాయలకు బేరం మొదలుపెట్టాడు. పక్కూర్లో నీ బావమరిది పది అడిగితే నువ్వూ పదే అడగల్లనా అని చెన్నకేశవులు ఎగతాళి చేస్తుంటే, అందరూ నవ్వుతుంటే, మారెమ్మ చెవులు మాత్రం లోపలి గది మీదే ఉన్నాయి.

గది నుంచి చప్పుడు లేదు.

రోజూ అయితే ఈపాటికి మారీ అని ఎన్నోసార్లు పిలుపు వచ్చి ఉండేది. పొద్దున్నే గంగులమ్మకు ఆగదు. పక్క తడిసిపోయి ఉంటుంది, చలికి కాలు కొంకర్లు పోతూ ఉంటుంది. అయినా పిలవడం లేదు. పిలిచినా బాగుండేది, ఎవరో ఒకరు పోయేవాళ్ళు. తను చెప్పిన మాట అర్థమై ముసలావిడ నోరు బిగించుకుని పడుకుని ఉందని మారెమ్మకు తెలిసిపోయింది. తెలిసీ, కాలు కదపకుండా నిలబడింది.

అంతలో కొత్త చీర తల్లికి చూపించడానికి నీలావతి గదిలోకి పోయింది. పోయినంత వేగంగా వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, అమ్మ తడిసి ముద్దై పండుకోనుండాది. ఈ మారెమ్మ యాడ సచ్చింది?"

అందరి కళ్ళూ వరస చివరకు తిరిగాయి. చెన్నకేశవులు చేతిలో పళ్ళెం అట్లాగే ఉంది. అప్పటికి ఆయనకు అర్థమైంది.

"లోపలికి పో మారీ."

"వక్కాకు ఇయ్యండి అయ్యా, పోతా."

అన్నా అని పిలిచే మనిషి అయ్యా అనేసరికి ఆయన మొహం మాడింది. ఇంటి బిడ్డవై ఉండి జీతగాళ్ళ వరసలో నిలబడతావా, పండగ పూట నలుగురిలో నన్ను తలదించుకోమంటావా అని మొదలుపెట్టాడు. నీలావతి అందుకుంది. నాకెంతో నీకూ అంతే పెడుతున్నారు కదా, నేనెప్పుడన్నా జీతం అడిగినానా అన్నది.

"మీరు అడగల్సిన పని లేదమ్మా. ఎల్లుండి రైలెక్కుతారు" అన్నది మారెమ్మ. ఆ మాట చాలా మెల్లగా అన్నది గానీ వాకిట్లో అందరికీ వినిపించింది.

చెన్నకేశవులు పళ్ళెం తిప్పన్న వైపు తిప్పాడు. "ఏమప్పా తిప్పన్నా, ఇద్దర్నీ నువ్వే చూస్తావా? ఇంకో ముప్పై ఇస్తా."

తిప్పన్న మెడ గోక్కున్నాడు. ముప్పై రూపాయలు అతని కళ్ళలో కనిపించాయి. తర్వాత ఇంకేదో కనిపించినట్టుంది.

"ఆడమనిషిని నేనెట్ల కడుగుతానప్పా? ఆ మాట అట్లుండనీ. ఈమె పోతే ముసలాయప్ప గుడ్డలు ఎవరుతుకుతారో ముందు చెప్పు, తర్వాత నేను వక్కాకు పట్టుకుంటా."

దాసప్ప నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

చెన్నకేశవులు బేరగాడు. మండీలో నిమిషం మౌనంగా ఉండి రూపాయి తగ్గించగలవాడు. సరే డెబ్భై అయిదు అన్నాడు. మగవాడికి ఇచ్చేదాంట్లో ఆడదానికి సగం, పొలంలోనూ అంతే, తోపులోనూ అంతే, నేను పెట్టిన ఆచారమా ఇది అన్నాడు.

"పెద్దమ్మ సగం బరువుండదు అయ్యా."

లోపల నీలావతి తల్లిని తిప్పబోయినట్టుంది. గదిలోంచి ఒక అరుపు వచ్చింది. పిలుపు కాదు, నొప్పి. చచ్చుబడిన చెయ్యి ఒంటి కింద పడితే వచ్చే అరుపు అది. ముందు ఆ చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టి తర్వాత తిప్పాలి. మారెమ్మకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు పడింది.

ఆ అడుగును చెన్నకేశవులు చూశాడు. ఆయన గొంతు వెంటనే మెత్తబడింది. "పో, ముందు అమ్మను చూడు. జీతం సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం. నేనేమన్నా పారిపోతానా?"

గడప దాటితే అంతే. లోపల ఆమె పని మొదలైపోతుంది, బయట వరస చెదిరిపోతుంది, తీరిక అన్నది ఎప్పటికీ రాదు. ముత్యాలమ్మ కదిరి బస్సెక్కుతుంది. అది తెలిసినా కాళ్ళు ఆగేటట్టు లేవు. అందుకని మారెమ్మ వాకిట్లోనే, కళ్ళాపి ఇంకా ఆరని నేల మీద కూలబడి, మోకాళ్ళు రెండు చేతులతో కట్టేసుకుంది. లోపలి నుంచి రెండో అరుపు వచ్చింది. ఆమె తల మోకాళ్ళలో దాచుకుంది గానీ లేవలేదు.

అప్పుడు రామసుబ్బమ్మ బయటికొచ్చింది. మోచేతుల దాకా పిండి. కింద కూర్చున్న మారెమ్మ వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

"ఇచ్చెయ్యి."

"నీకు తెలీదు ఉండు."

"నాకే తెలుసు. ఈమె పోతే రేపట్నించి ఎవరు చేస్తారు? నీలావతా? నువ్వా? నాకు వక్కాకు ఇచ్చేటోళ్ళు ఎవరూ లేరు."

చెన్నకేశవులు వంగి పళ్ళెంలోని ఆకులు సర్దాడు. నూరు అన్నాడు. నూరు రూపాయలు, రెండు పూటలా తిండి. ఇంక ఒడి లేదు. రవిక గుడ్డ లేదు. తినేది వసారాలో, వీళ్ళతో పాటు.

"ముసలాయప్ప గుడ్డలు తిప్పన్నవి" అన్నది మారెమ్మ లేస్తూ.

అట్లే కానీమన్నాడు ఆయన. తిప్పన్న మొహం పచ్చి చింతకాయ కొరికినట్టయింది. నూటికీ నూటయాభైకీ మధ్య ఉన్న ఎడం మారెమ్మకు కనబడకపోలేదు. ఇంకొక్క మాట అంటే ఏమయ్యేదో తెలియదు. మూడో అరుపు వస్తే తను ఆగలేకపోతుందని మాత్రం తెలుసు. చేతులు చాపింది. ఆకులు చల్లగా తగిలాయి.

గదిలో నీలావతి కొత్త చీర అంచు తడిసి, ఏడుపు మొహంతో గోడకు ఆనుకుని ఉంది. మారెమ్మ వక్కాకు నడుముకు దోపుకుని, గంగులమ్మ కుడి చెయ్యి తీసి రొమ్ము మీద పెట్టి, ఒక్క తిప్పున తిప్పింది. తుడిచి పొడి గుడ్డ వేసింది. ముసలావిడ కింది పెదవికి ఎడమ పక్కన, ఇంకా పనిచేస్తున్న పక్కన, పళ్ళ గాట్లు దిగి ఉన్నాయి.

"పిలిచింటే ఏమైతాండె పెద్దమ్మా" అని మారెమ్మ గొణిగింది. గంగులమ్మ పెదవి కదిపింది. వచ్చింది ఆ ఒక్క మాటే.

ఆ మధ్యాహ్నం రామసుబ్బమ్మ వసారాలో వడ్డిస్తూ మారెమ్మ ఆకులో కూడా ఓళిగను పైనించే వదిలింది, జీతగాళ్ళందరికీ వదిలినట్టు. నెయ్యి మాత్రం కాస్త ఎక్కువ పడింది. కావాలని వేసిందో, చెయ్యి అలవాటో. తిప్పన్న జరిగి చోటిచ్చాడు. "రా మారక్కా, ఈ పక్క గాలి బాగొస్తాది. ఆ గుడ్డలు ఉతికేదానికి సౌడు మట్టి ఎంత ఎయ్యల్లనో రేపు చెప్పు."

మర్నాడు మారెమ్మ ఒక రోజు సెలవు అడిగింది. ఆ రోజు గంగులమ్మ దగ్గర నీలావతి ఉండాల్సి వచ్చింది. ధర్మవరం ప్రయాణం వాయిదా పడింది.

గోరంట్ల మీదుగా కదిరికి బస్సు. అక్కడి నుంచి ఇంకో బస్సు, ఆ పైన కొంత దూరం నడక. వక్కాకు తడిగుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుంది. పల్లె చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ముత్యాలమ్మ అరుగు మీద మూట కట్టుకుని కూర్చుని ఉంది. మారెమ్మ తల్లి గుడిసె తలుపు దగ్గరికి వేసి ఉంది.

"పొద్దుట్నించి లోపలికి పోలే" అన్నది ముత్యాలమ్మ. "ఉగాది దాకా అంటి, దాటిపోయె."

లోపల నుంచి తల్లి దగ్గు వినిపించింది. మారెమ్మ తలుపు వైపు చూసింది. తర్వాత వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళను ఆపి, నిలబడండి, ఒక మాటకు సాక్షి కావల్ల అన్నది. తడిగుడ్డ విప్పి వక్కాకు చేతిలోకి తీసుకుంది. ఆకులు కొంచెం వాడాయి.

"వదినా, నాకు ఏటికి నూరు అన్నారు. దాంట్లో నీకు సగం..."

సగం అన్న మాట తన నోట్లోంచి తనకే వినిపించింది. చెన్నకేశవులు గొంతుతో వినిపించింది. ముత్యాలమ్మ చెయ్యి చాపలేదు. మూట మీద పెట్టిన చెయ్యి మూట మీదే ఉంది.

"నీకు ఆడ తిండి పెడతాండారు. నాకు ఈడ ఎవరు పెడతారు?" అన్నది.

మారెమ్మకు చెప్పడానికి చాలా ఉంది. నూరే ఇచ్చారని, అది కూడా ఎంత కష్టపడితే ఇచ్చారో అని. ఒక్కటీ చెప్పలేదు. ఆ మాటలన్నీ ఎవరి నోట్లోంచి ఎట్లా వస్తాయో నిన్ననే విన్నది.

"డెబ్భై. రాగులు నేను కొనిస్తా. ముప్పై నాకు రాగులకూ బస్సులకూ ఉండనీ" అన్నది. "అంతకన్నా లేదు. ఉంటే ఇస్తా."

ముత్యాలమ్మ చాలాసేపు ఆకులవైపే చూసింది. కదిరిలో రోజుకెంతో, వానాకాలంలో ఆ పని ఉంటుందో ఉండదో లెక్క వేసుకుంటున్నట్టుంది. లోపల దగ్గు మళ్ళీ వచ్చింది. ఆ దగ్గుకు ముత్యాలమ్మ భుజం కొద్దిగా కదలడం మారెమ్మ చూసింది. చూసి, తల పక్కకు తిప్పుకుంది. దాన్ని చూసి బేరమాడటం ఆమెకు చేతకాలేదు.

చివరికి ముత్యాలమ్మ రెండు చేతులూ చాపింది. సాక్షులు సరే అన్నట్టు తలలూపి తమ దారిన పోయారు. ఆమె వక్కాకు కొంగున ముడేసుకుని, మూట అరుగు మీదే వదిలి, గుడిసె తలుపు తోసింది.

మారెమ్మ వెనకే వెళ్ళింది. చీకట్లోంచి తల్లి గాలిలోకి చెయ్యి చాపింది.

"ముత్తీ, వచ్చినావా?"

"వచ్చినా. మారెమ్మ గూడా వచ్చింది చూడు" అన్నది ముత్యాలమ్మ, ముసలిదాని చంకల కింద చేతులు వేసి ఎత్తుతూ.

"ఎవరూ?" అన్నది తల్లి, ముత్యాలమ్మ మెడ పట్టుకుని.

ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లారి మొదటి బస్సుకు మారెమ్మ పెనుకొండకు తిరిగి పోవాలి. కడవ తీసుకుని నీళ్ళకు పోయింది.